ఏమీ కలపని కుండ

పైన 'ప్రాజెక్టు' అని పెద్దక్షరాలున్న ఆ కాగితం మా హైస్కూలు నోటీసు బోర్డు మీద వారం రోజులుంది. డెబ్బైలలో మా వైపు ప్రాజెక్టు అంటే ఆనకట్టే కాబట్టి, అదేదో కాలవ తవ్వకం ప్రకటన అనుకుని చాలామంది దానివంక చూడను కూడా లేదు. నేను చూశాను. తిరువూరులో ఏ గోడ మీద ఏ కాగితం అంటించినా ఆఖరి అక్షరం దాకా చదవడం నాకు జబ్బు. బెజవాడలో ఒక కాలేజీవాళ్లు ఎండాకాలం సెలవుల్లో హైస్కూలు పిల్లల్ని పిలిచి నెల రోజులు తమ ప్రయోగశాలలో పని చేయనిస్తారట. ఏం చేయాలో మాత్రం వాళ్లు చెప్పరట. ఎవరి ప్రశ్న వాళ్లే తెచ్చుకోవాలి, ఎవరి పని వాళ్లే చేసుకోవాలి. జిల్లా మొత్తానికి పది సీట్లు.

సైన్సు మాస్టారిని అడిగితే ఆయన కళ్లజోడు తీసి నావంక చూశారు. ఆయనకి నా తెలివి మీద నమ్మకమే గానీ నా తొందరంటే భయం.

"దరఖాస్తుతో పాటు రెండు నెలలు నువ్వు సొంతంగా చేసిన పని, దాని లెక్కలు చూపించాలమ్మా. తరవాత ఇంటర్వ్యూ ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు చేసిపెట్టారని తెలిసిందంటే అవతల పారేస్తారు" అన్నారు.

నేనప్పుడు పదో తరగతి. ఆ పరీక్షలయ్యాక నా చదువేమవుతుందన్నది ఇంట్లో తేలని విషయం. నాన్నకి చదువంటే కోపం లేదు, కానీ ఆడపిల్లని బెజవాడ హాస్టల్లో ఉంచి సైన్సు చదివించాలంటే ఆయనకి ఒక గట్టి కారణం కావాలి. ఆ కాగితంలో సంగతి చెప్పగానే ఆయన తువ్వాలు దులుపుకుంటూ, "జిల్లాలో పదిమందిలో ఒకదానివైతే ఇక నేనెందుకు ఆపుతాను? ఇంటరు అక్కడే చదువుదువుగాని" అన్నాడు. ఆ మాట నేను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, ఆ రోజు నుంచి నాకు పది సీట్లలో తొమ్మిదే మిగిలినట్టు ఉండేది.

ఇక ప్రశ్న కావాలి. మా క్లాసులో ఒకడు గాలిమర చేస్తానన్నాడు, ఇంకొకడు అయస్కాంతాలన్నాడు. నాకు మా వంటింటి పక్క గది గుర్తొచ్చింది. అది నాయనమ్మ గది. అమ్మా నాన్నా పొద్దున్నే ఎ.కొండూరు దారిలో ఉన్న చేలోకి వెళ్లిపోతే ఇంట్లో మిగిలేది మేమిద్దరమే, ఆ గదిలో వరసగా పేర్చిన కుండలూ. వాటిలో కందులు, పెసలు, మినుములు, మళ్లీ ఏడాదికి విత్తనాలు. కందులకి నాయనమ్మ ఎర్రమన్ను పట్టించేది. మన్ను మెత్తగా జల్లించి, నీళ్లలో పలచగా కలిపి, కందులకి చేత్తో పట్టించి, గలగలలాడేదాకా ఎండబెట్టి కుండకెత్తేది. ఏడాది తరవాత మూత తీసినా ఒక్క గింజకి పుచ్చు ఉండదు.

ఇది పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మా వీధిలో నాయనమ్మ పేరంతా అందులోనే ఉంది. ఆవిడ పెనుగొలను నుంచి కోడలిగా వచ్చిన ఏడాదే వాళ్ల అత్తగారు కుండలన్నీ తీసి చూసి తాళంచెవి ఇచ్చేసిందని చెప్పుకునేవాళ్లు. ఎవరింట్లోకైనా కొత్త కోడలు వస్తే, "పెద్దావిడ దగ్గరకెళ్లి గింజ దాచడం నేర్చుకునిరా" అని పంపేవాళ్లు. కుండలో పురుగు పడిందంటే ఆ ఇంటి ఆడమనిషికి అంతకన్నా తలవంపు లేదు. నాయనమ్మకి పుస్తెలూ, పసుపు కుంకాలూ పోయినా ఆ గది మిగిలింది.

కాబట్టి నా ప్రశ్న అదే: మన్ను పట్టిస్తే పురుగు ఎందుకు పట్టదు? బూడిదతోనో వేపాకుతోనో ఆ పని అవుతుందా? మాస్టారికి ఎంత నచ్చిందంటే ఆయనే నాలుగు చిన్న కుండలు కొనిచ్చారు. ఒకదానిలో మన్ను పట్టించిన కందులు, ఒకదానిలో బూడిద కలిపినవి, ఒకదానిలో ఎండిన వేపాకు వేసినవి. "నాలుగోదానిలో ఏమీ కలపకూడదు. అది పుచ్చిపోవాలి. అది పుచ్చితేనే మిగతా మూడింటి గొప్ప తెలిసేది. అది లేకపోతే నీ ప్రాజెక్టే లేదు" అన్నారు.

ఆదివారం ఆదివారం ఒక్కో కుండలోంచి వంద గింజలు తీసి, పుచ్చినవి ఎన్నో లెక్కపెట్టి పట్టికలో రాయాలి. ఆ వంద గింజల్నీ పొట్లం కట్టి, పైన తేదీ వేసి దాచాలి. అలా ఎనిమిది ఆదివారాలు.

కుండలు సిద్ధం చేసే రోజు నాయనమ్మ పీట వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. సాయం చేయకూడదని చెప్పాను కాబట్టి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని బిగబట్టి కూర్చుంది. నేను మన్ను చిక్కగా కలుపుతుంటే ఆ చేతులు ఒళ్లోంచి లేచి మళ్లీ ఒళ్లోకే వెళ్లేవి. నాలుగో కుండలో ఊరికే కందులు పోసి మూతికి గుడ్డ కడుతుంటే మాత్రం ఉండలేకపోయింది.

"దానికేం కలపవా?"

"కలపకూడదు నాయనమ్మా. అది పుచ్చాలి."

"పుచ్చాలా? తిండిగింజే అది" అంది. చీమని కావాలని తొక్కినవాళ్లని చూసినట్టు చూసింది నన్ను. నేను నవ్వి, చదువుకున్నవాళ్ల పనులు నీకు అర్థం కావులే అన్నాను.

మొదటి రెండు వారాలు నాలుగు కుండల్లోనూ ఏమీ లేదు. మూడో ఆదివారం ఏమీ కలపని కుండలో రెండు గింజలకి చిన్న చిల్లులు కనిపించాయి. నేను పండగ చేసుకున్నాను. ఐదో వారానికి తొమ్మిది, ఏడో వారానికి పదిహేడు. నేను గట్టిగా లెక్కపెడుతుంటే నాయనమ్మ తలుపు దగ్గర నిలబడి వినేది. లెక్క పెరుగుతున్నకొద్దీ నాకు సంతోషం, ఆవిడకి దిగులు. ఒక సాయంత్రం నా తల దువ్వుతూ అడిగింది.

"ఆ కుండ బెజవాడలో అందరూ చూస్తారా?"

"కుండ కాదు, పొట్లాలు చూస్తారు."

"పుచ్చినవి కూడానా?"

"అవే ముందు చూస్తారు."

 ఆవిడ జడ మామూలుకన్నా బిగువుగా వేసింది. అప్పుడు నేను కొంచెం బుర్ర పెట్టి ఆలోచించి ఉంటే బాగుండేది. ఆవిడ లెక్కలో నన్ను చూడబోయేది పెళ్లివారి లాంటి వాళ్లు. వాళ్లు కుండ మూత తీసి చూస్తారు. పుచ్చిన గింజలు కనబడితే పిల్ల పనికిరాదంటారు. నేను నా చేతులతో నా పరువు తీసుకుంటుంటే ఆవిడ చూస్తూ కూర్చోవాలి.

ఎనిమిదో ఆదివారం ముందు గురువారం స్కూలు నుంచి వచ్చి గదిలోకి వెళితే, మన్ను పట్టించిన కుండలు రెండున్నాయి. ఏమీ కలపని కుండలో కందులన్నీ ఎర్రగా, గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. నాయనమ్మ పుచ్చినవన్నీ ఏరి గేదె కుడితిలో పోసేసిందట. మిగిలినవాటికి మన్ను పట్టించి మూడు రోజులు, నేను స్కూల్లో ఉన్నప్పుడు, దొడ్లో ఎండబెట్టిందట. చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో వెలుగు. నన్ను గండం గట్టెక్కించానన్న నమ్మకం.

నేను అరిచాను. ఏమేం అరిచానో అంతా గుర్తుంది, అంతా రాయను. ఒక్కటి మాత్రం రాస్తాను. "చదువూ సంధ్యా లేనిదానివి, నీకెందుకు నా సంగతి? నా బతుకు మట్టిపాలు చేశావు" అన్నాను. పదిహేనేళ్ల పిల్ల డెబ్బై ఏళ్ల మనిషిని అన్న మాట అది.  ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంది, ఆ చేతులకి ఏమీ అంటుకుని లేకపోయినా.

మర్నాడు స్కూలు నుంచి వచ్చేసరికి దొడ్లో పాత చీర మీద తడి కందులు ఆరబోసి ఉన్నాయి. నాయనమ్మ వాటికి పట్టించిన మన్నంతా నాలుగు నీళ్లలో కడిగేసింది. మళ్లీ ఏమీ కలపని కందులు చేద్దామని. అవి నీళ్లకి ఉబ్బి, కొన్ని తోలు చిట్లి, ఎందుకూ పనికిరాకుండా పోయాయి. ఆవిడ వాటి పక్కన కూర్చుని ఒక్కో గింజా అటూ ఇటూ తిప్పి చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది, కానీ పట్టుదల కొద్దీ పలకరించకుండా లోపలికి వెళ్లిపోయాను.

శనివారం మధ్యాహ్నం మా పక్కింటి టైలరుగారి భార్య గోడ మీంచి నన్ను పిలిచింది. వాళ్లు ముస్లిములు. నేను ఆవిడని పిన్నీ అనే పిలిచేదాన్ని.

"అమ్మాయ్, మీ నాయనమ్మకి ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది పిన్నీ, ఏం?"

"పొద్దున్నుంచీ వీధంతా తిరుగుతోంది. ఇంటింటికీ వెళ్లి, మీ ఇంట్లో పుచ్చిన కందులున్నాయా అని అడుగుతోందంట. అలా అడిగితే ఎవరూరుకుంటారు? ఆ చివరింటావిడ మా ఇంట్లో పుచ్చులేంటని మీదకొచ్చిందంట. అప్పుడు మీ నాయనమ్మ ఏమందో తెలుసా? మా ఇంట్లోనే పుచ్చాయి తల్లీ, మీకూ పుచ్చాయేమోనని అడిగాను అందంట."

 యాభై ఏళ్లుగా ఆ వీధికి గింజ దాచడం నేర్పిన మనిషి, తన ఇంట్లో పురుగు పడిందని గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెప్పుకుంది.

"నా దగ్గర ఉన్నాయి కాబట్టి ఇచ్చాను. బజార్లో కొన్నవి, నాకు దాచడం ఎక్కడొచ్చు" అని పిన్ని నవ్వింది.

సాయంత్రం నాయనమ్మ కొంగు ముడి విప్పి నా పుస్తకాల పక్కన గుప్పెడు కందులు పోసింది. చిల్లులు పడి, పిండి రాలుతున్నాయి. ఇంకా రెండు మూడు పురుగులు పాకుతున్నాయి.

"పనికొస్తాయేమో చూసుకో" అని, నా వైపు చూడకుండా పొయ్యి దగ్గరకి వెళ్లిపోయింది.

మా చేలో పండేవి తెల్ల కందులు. ఇవి ఎర్ర కందులు. నాకు తెలియక కాదు. పట్నంవాళ్లకి కందిపప్పు తెలుసుగానీ కందులేం తెలుస్తాయిలే అనుకున్నాను. ఆదివారం వాటిని నాలుగో కుండలో నేనే పోశాను. నేనే వంద తీసి లెక్కపెట్టాను. ముప్పైనాలుగు. ఎనిమిదో గడిలో ముప్పైనాలుగు అని వేసి, పొట్లం కట్టి, తేదీ రాశాను. దరఖాస్తులో "పెద్దల సహాయం పొందితివా?" అని అడిగినచోట "లేదు" అని రాశాను. మాస్టారు పట్టిక చూసి మురిసిపోయి సంతకం పెట్టారు. ఆయనకి నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంటర్వ్యూకి రమ్మని ఏప్రిల్లో కార్డు వచ్చింది. నాన్నకి మామిడి కోతల హడావుడి, నాతో నాయనమ్మ వచ్చింది. బెజవాడ దాకా బస్సులో పొట్లాల సంచీ ఆవిడ ఒళ్లోనే ఉంది. కండక్టరు పైన పెట్టమంటే ఇవ్వలేదు. మా మధ్య మాటలు మళ్లీ మొదలయ్యాయి గానీ ఆ విషయం మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. నేను క్షమాపణ అడగలేదు. అడుగుదామని రోజూ అనుకునేదాన్ని.

కాలేజీలో పెద్ద బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఒక లెక్చరరమ్మ. నాయనమ్మని బయట వరండాలో కూర్చోమన్నారు. తలుపు తీసే ఉంది. మొదట అన్నీ బాగానే జరిగాయి. ప్రశ్నలకి నేను గడగడా చెబుతుంటే ఇద్దరు మగవాళ్లూ తల ఊపారు. లెక్చరరమ్మ మాత్రం ఏమీ కలపని కుండ తాలూకు పొట్లాలు రెండు విప్పి తెల్లకాగితం మీద పక్కపక్కనే పోసింది. ఏడో వారానిది, ఎనిమిదో వారానిది.

"నేనూ కందులు పండే మెట్ట ఊరి పిల్లనేనమ్మా. ఇవి తెల్ల కందులు. ఇవి ఎర్ర కందులు. వారంలో రంగు మారాయా?" అంది.

 ముగ్గురూ నావైపే చూస్తున్నారు. నేను నోరు తెరిచేలోపే నాయనమ్మ లోపలికి వచ్చేసింది. ఎవరూ పిలవలేదు. బల్ల ముందు నిలబడి, చెంగు భుజం నిండా కప్పుకుంది.

"రెండూ మావేనమ్మా. రెండు రకాలూ వేస్తాం. మా ఇంట్లో గింజలు ఎప్పుడూ ఇలాగే పుచ్చిపోతాయండి. నాకు దాచడం చాతకాదు. పిల్లకి ఏం తెలీదు" అంది.

తల వంచుకుని చెప్పింది. నేను ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను. ఆవిడ మెడ మీద చెమట కనిపిస్తోంది. కొత్త మనుషుల ముందు, కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ల ముందు, తనకి చాతనైన ఒకే ఒక్క పని చాతకాదని చెప్పింది.

అది మాత్రం నేను వినలేకపోయాను. "కాదండి" అన్నాను.  "మా నాయనమ్మ కుండలో ఒక్క గింజ కూడా పుచ్చదండి. నాకు మాట వస్తుందని ఆ కుండకి మన్ను పట్టించింది. నేను తిట్టాను. తిట్టానని వీధంతా తిరిగి వేరేవాళ్ల కందులు తెచ్చింది. వాటిని కుండలో పోసింది నేను. లెక్క రాసింది నేను." ఇక ఏడుపు ఆగలేదు.

లెక్చరరమ్మ చాలాసేపు కాగితం మీది గింజల్ని వేలితో విడదీస్తూ కూర్చుంది. తరవాత, "ఎనిమిదో గడి ఖాళీగా వదిలేసి, ఏం జరిగిందో కింద రాసి ఉంటే నిన్ను తప్పకుండా తీసుకునేదాన్నమ్మా. ఇప్పుడు తీసుకోలేను" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ తరవాత ఆవిడ నాయనమ్మకి కుర్చీ చూపించి, మన్ను ఎంత పలచగా కలపాలని అడిగింది. నాయనమ్మ కూర్చోలేదు. చెప్పవచ్చా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నేను తల ఊపాక చెప్పింది. చేతులు గాలిలో కలుపుతూ, జల్లిస్తూ, ఆరబోస్తూ చెప్పింది. లెక్చరరమ్మ రాసుకుంది.

మేం తిరువూరు చేరేసరికి ఇంకా పొద్దు గుంకలేదు. నాన్న అరుగు మీద కాళ్లు కడుక్కుంటున్నాడు. "ఏమైంది?" అన్నాడు. నేను చెంబు వంక చూస్తూ నిలబడ్డాను.

"రాలేదురా. నా వల్లే పోయింది. పుచ్చిన గింజలు తెచ్చి దాని కుండలో పోశాను. దానికి తెలీదు. అక్కడ బయటపడింది" అంది నాయనమ్మ.

"నువ్వెందుకు పోశావమ్మా?"

"ముసలిదాన్ని, బుద్ధి లేక. నా తప్పుకి దాని చదువు ఆపుతావా? ఆపితే ఆ పాపం నాది."

నాన్న నావైపు చూశాడు. అప్పుడు నేను చెప్పాలి. పొద్దున బెజవాడలో చెప్పినట్టే ఇక్కడా చెప్పాలి. నోటి చివరి దాకా వచ్చింది. కానీ బెజవాడలో సీటు నా చేతిలోంచి అప్పటికే జారిపోయింది. ఇక్కడ ఇంకా జారలేదు. నేను నోరు మూసుకుని ఉంటే నాన్న ఒప్పుకునేలా ఉన్నాడు. మూసుకున్నాను.

 ఆయన చెంబు పక్కన పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, "సరేలే అమ్మా, నీ మాట కాదంటానా. చదువుకోనీ" అన్నాడు. నాయనమ్మ నన్ను చూసి తృప్తిగా తల పంకించింది. ఇద్దరం కలిసి ఏదో పని చక్కబెట్టినట్టు. జూన్‌లో రేకుపెట్టె కొన్నారు, నేను బెజవాడ వెళ్లాను, సైన్సు చదివాను. ఈ రోజు నేను తింటున్న తిండి ఆ చదువు పెట్టిందే.

వీధిలో మాత్రం ఆ కబురు ఆగలేదు. పెద్దావిడకి చూపు మందగించిందని, కుండల్లో పురుగు పడుతోందని, మనవరాలి సీటు కూడా అందుకే పోయిందని చెప్పుకున్నారు. కొత్త కోడళ్లని ఆవిడ దగ్గరకి పంపడం మానేశారు. సెలవులకి వచ్చినప్పుడు నేను గమనించేదాన్ని. ఆవిడ ఒక్కసారైనా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు, నేనూ ఎవరినీ దిద్దలేదు. డిగ్రీలో ఉండగా ఆవిడ పోయింది. దినవారాలయ్యాక ఆ గది ఖాళీ చేసింది నేనే. పదకొండు కుండలు. ఒక్కొక్కటే చాట మీద ఒలకబోసి, నేల మీద కూర్చుని పొద్దుగూకేదాకా వెతికాను. ఒక్క పుచ్చు గింజ లేదు.